కార్టూనిస్టుల పొట్ట కొట్టకండి

సముద్రమట్టం పెరిగితే నష్టపోయేవాళ్ల జాబితాలో మత్స్యకారులున్నారు, రైతులున్నారు, పగడపు దీవుల జనం ఉన్నారు, బీమా కంపెనీలు కూడా ఉన్నాయి. రాజకీయ కార్టూనిస్టులు మాత్రం లేరు. ఈ అన్యాయాన్ని సంబంధిత అధికారుల దృష్టికి తేవడమైనది.

కార్టూనిస్టు పెట్టుబడి ఒక్కటే, అతిశయోక్తి. సూటు వేసుకున్న నాయకుణ్ణి పీకల్లోతు నీళ్లలో నిలబెట్టి "పరిస్థితి అదుపులోనే ఉంది" అనిపిస్తే ఆ పూటకి గడిచిపోయేది. 2009 అక్టోబరులో మాల్దీవుల అధ్యక్షుడు మహమ్మద్ నషీద్ ఆ కాస్తా లాగేసుకున్నారు. మంత్రులకు స్కూబా సిలిండర్లు తగిలించి, సముద్రం అడుగున బల్లలు వేయించి, తీర్మానం మీద సంతకాలు పెట్టించారు. మాటలు లేవు, అన్నీ చేతిసైగలే. అంత ప్రశాంతమైన మంత్రివర్గ సమావేశం ఏ దేశంలో జరిగింది గనుక! 2021లో పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న దీవుల దేశం తువాలు (Tuvalu) విదేశాంగ మంత్రి సైమన్ కోఫే సూటూ టైతో, ప్యాంటు పైకి మడిచి, సముద్రంలో నిలబడి గ్లాస్గో వాతావరణ సదస్సుకు ప్రసంగం పంపారు. ఇక గీయడానికి ఏం మిగిల్చారు?

పోనీ, వీళ్లను క్షమించవచ్చు. మామూలుగా చెబితే ఎవరూ వినడం లేదని తమ బొమ్మ తామే గీసుకున్నారు. తెలియకుండా కార్టూనైపోయేవాళ్లతోనే అసలు పోటీ. 2100 నాటికి సముద్రం మీటరు దాకా పెరగవచ్చని అమెరికాలోని నార్త్ కరొలైనాకు నిపుణులు చెప్పారు. 2012లో అక్కడి శాసనసభ చట్టం చేసింది: నిబంధనల కోసం అలాంటి అంచనాలేవీ 2016 దాకా ఖరారు చేయరాదు. సముద్రానికి నోటీసు అందిందో లేదో మరి. 2015లో ఆస్ట్రేలియా మంత్రి పీటర్ డట్టన్, పసిఫిక్ దీవులవాళ్ల మీద, గుమ్మంలోకి నీళ్లొచ్చేవాళ్లకు టైముతో పనేముందన్నట్టు జోకేశారు. ప్రధాని టోనీ అబాట్ నవ్వారు. నెత్తిమీద మైకు వేలాడుతోందని గుర్తుచేసింది పక్కనున్న స్కాట్ మోరిసన్. తర్వాత ఆయనా ప్రధాని అయ్యారు.

కార్టూనిస్టుల తప్పు లేదని కాదు. దీవి అనగానే ఒక గుట్ట, ఒక కొబ్బరిచెట్టు, మీదికి దూకే రాకాసి అల. తువాలులో గుట్ట ఎక్కడిది? దేశంలో అన్నిటికన్నా ఎత్తైన చోటే ఐదు మీటర్లు లేదు. పెద్ద పోటు రోజున నీరు గట్టు దాటి రానక్కర్లేదు, పగడపు నేల సందుల్లోంచి కాళ్ల కిందే బుడబుడమంటూ ఊరుతుంది. చేమదుంప లాంటి పులక దుంప పండించే గుంటల్లోకి ఉప్పు చేరి పంట చస్తుంది. చప్పుడు లేని ఈ పని ఏ కుంచెకు దొరుకుతుంది? 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సగటున సముద్రం పెరిగింది 20 సెంటీమీటర్లు, అంటే జానెడు. జానెడు నీళ్లు గీసి చూపిస్తే పాఠకుడు పేజీ తిప్పేస్తాడు.

అందుకే పని మళ్లీ ప్రభుత్వాల చేతికే పోయింది. 2023లో కుదిరిన ఒప్పందం ప్రకారం తువాలు నుంచి ఏటా 280 మందికి వచ్చి స్థిరపడేందుకు ఆస్ట్రేలియా వీసా ఇస్తుంది. ఎవరికన్నది లాటరీలో తేలుతుంది. 2025లో మొదటి లాటరీ తెరవగానే కొద్ది రోజుల్లోనే దేశ జనాభాలో మూడో వంతుకు పైగా పేర్లు ఇచ్చేశారు. ఇదే ఊహ ఏ కార్టూనిస్టో పట్టుకెళితే "మరీ అతి చేశావయ్యా" అని ఎడిటర్ తిప్పి పంపేవాడు. చీటీకి పాతిక డాలర్ల రుసుము కూడా ఉందంటే, బొమ్మ కింద ఆ ఒక్క ముక్కయినా కొట్టేయమనేవాడు.