బోగీలు కపుర్తలాకు, మాటలు కాజీపేటకు

(కాజీపేట చౌరస్తాల చాయ్ హోటల్. మామ రైల్వేల చేసి రిటైరైండు. అల్లుడు పక్క మండలంల పంచాయతీ కార్యదర్శి. నేను పోయేసరికే ముచ్చట గరమైంది.)

మామ: ఢిల్లీల మన మాట చెల్లకుంటె జిల్లాకు రూపాయి రాదు. ఇందుల వాదించేదేమున్నది?

అల్లుడు: రూపాయి రాదంటవేంది మామా? ఫైనాన్స్ కమిషన్ ఎందుకున్నట్టు? పదిహేనో కమిషన్ కేంద్రం పన్నులల్ల 41 శాతం రాష్ట్రాలకు పంచుమన్నది. ఎవరికెంత అన్నది జనాభా, విస్తీర్ణం, అడవి, తలసరి ఆదాయం చూసి కట్టింది. ఎంపీది ఏ పార్టో గా లెక్కల లేదు.

మామ: గా లెక్కలనే మన వాటా 2.437 శాతం నుంచి 2.102కు పడ్డది గదా.

అల్లుడు: పడ్డది. తలసరి ఆదాయం తక్కువున్న రాష్ట్రాలకే ఎక్కువ ఇస్తరు. మనది పెరిగింది.

మామ: ఎవరిది పెరిగింది? గచ్చిబౌలోని జీతం భూపాలపల్లోని ఖాతాల రాసిన్రు. గందుకే అంటున్న, లెక్క మన గోస చూడది, అడిగేటోడుండాలె. 1980లల్ల కోచ్ ఫ్యాక్టరీ కాజీపేటకన్నరు. పంజాబ్ మండుతాందని 1985ల కపుర్తలాల పెట్టిన్రు. అది ఏ ఫార్ములా? 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్ల, ఆరు నెలలల్ల పరిశీలిస్తమని రాసిన్రు. ఆరు నెలలు పోయినయ్, ఆరేండ్లు పోయినయ్. 2023 జులైల ప్రధాని వచ్చి శంకుస్థాపన చేసిండు, అదీ వ్యాగన్ల తయారీకి. నవంబర్ల అసెంబ్లీ ఓట్లు. నెలలు నువ్వే లెక్కపెట్టుకో.

అల్లుడు: ఓట్ల ముందట వస్తె పని చెడ్డదైతదా?

మామ: చెడ్డదని ఎవడన్నడు? నిజామాబాద్ చూడు. 2019 ఎంపీ ఓట్లల్ల 185 మంది పోటీల నిలబడ్డరు, ఎక్కువమంది పసుపు బోర్డు కావాలన్న పసుపు, ఎర్రజొన్న రైతులే. 2023 అక్టోబర్ల పసుపు బోర్డు ప్రకటించిన్రు, 2025 జనవరిల మొదలుపెట్టిన్రు. తెచ్చింది ఫార్ములా కాదు, నామినేషన్లు.

(నన్నడిగితె ఈడిదాంక మామదే పైచెయ్యి.)

అల్లుడు: గవన్ని ప్రాజెక్టులు మామా. ఊరి మోరీలకు, నీళ్లకు వచ్చే గ్రాంటు సంగతి విను. 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచులు లేరు, ఓట్లు 2025 డిసెంబర్ల పెట్టిన్రు. గెలిచిన పాలకవర్గం లేకుంటె ఫైనాన్స్ కమిషన్ గ్రాంటు రాదు, అది నిబంధన. చెత్త ట్రాక్టర్‌కు డీజిల్ నా జేబుల పైసలతోని పోయించిన. ఆపింది ఎంపీ బలం లేకనా?

మామ: ఓట్లు ఎందుకు ఆగినయ్?

అల్లుడు: బీసీ రిజర్వేషన్లు, కోర్టు...

మామ: అంటె రాజకీయమే గద. ఢిల్లీది కాకుంటె హైదరాబాద్‌ది.

అల్లుడు: రాజకీయమే, కాదంటలేను. కని మన జిల్లాకెల్లి ఢిల్లీల ఇద్దరు మంత్రులున్నా గా గ్రాంటు వచ్చేది కాదు. దానికి కావాల్సింది పలుకుబడి కాదు, టైముకు ఓట్లు.

మామ: మరి కపుర్తలాకు పోయిన ఫ్యాక్టరీకి ఏం కావాలె?

అల్లుడు: దాని ఫైలు నా తాన లేదు మామా. చాయ్ తాగు, సల్లారుతాంది.