పక్షుల జాబితా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పక్షుల జాబితా గారికి,

చలికాలం ముగింపుకొచ్చిన ఈ రోజుల్లో, వెలుగు రాకముందే నన్ను దుప్పట్లోంచి లాగి సరస్సు గట్టున నిలబెడుతున్నది పక్షుల మీది ప్రేమేనని ఇంట్లోవాళ్లు నమ్ముతున్నారు. నిజం మనిద్దరికీ తెలుసు. వలస బాతులు త్వరలో తిరుగుముఖం పడతాయి. ఆలోగా తమ గడులు నిండాలి.

మొన్న ఉదయం పొగమంచు ఇంకా వీడలేదు. బైనాక్యులర్ ఎత్తగానే నా ఊపిరి తగిలి అద్దాలు మసకబారాయి. తుడుచుకుని చూసేసరికి ఎదురుగా ఒక బుడబుంగ. పెన్సిలు తీసేలోగా బుడుంగున మునిగింది. మునిగినచోటే తేలాలన్న నియమం దానికి లేదు కనుక, కాసేపటికి చాలా దూరాన ఒకటి తేలింది. అది ఇదేనా, మరొకటా? సంఖ్య గడిలో ఒకటి వేయాలా, రెండు వేయాలా? నేనీ ధర్మసందేహంలో ఉండగానే అది మళ్లీ మునిగింది.

నామాల కోడి ఎగరాలంటే నీటి మీద పటపటమని చాలాదూరం పరుగెత్తి గాని పైకి లేవలేదు. ఆ పరుగుకు తమ దగ్గర గడి లేదు. చెంచామూతి బాతులు గుంపుగా గుండ్రంగా ఈదితే, ఆ సుడికి కిందినుంచి పైకి లేచిన ఆహారాన్ని వాటి ముక్కు అంచునున్న సన్నని పళ్ల వంటి అమరిక జల్లెడలా వడగడుతుంది. దానికీ గడి లేదు. ఈకలు తడిసినందువల్లే సులువుగా మునిగిన నీటికాకి, ఆ తడి వల్లే కొమ్మ మీద రెక్కలు ఆరేసుకుని నిలబడితే, పది నిమిషాలు చూసినా తమరిచ్చేది ఒక్క టిక్కు. రెప్పపాటులో రెల్లు మీదుగా దూసుకుపోయినదాన్ని లకుముకి పిట్ట అని నేను నమ్మేసినా అదే టిక్కు. రోజంతా పనిచేసినవాడికీ, హాజరు వేయించుకుని జారుకున్నవాడికీ ఒకే జీతమిచ్చే కార్యాలయాలు ఉంటాయి. తమరు వాటికి దగ్గరి చుట్టమై ఉండాలి.

మగబాతులతో పేచీ లేదు. ఈ రుతువులో అవి పెళ్లిబట్టల్లో ఉంటాయి. పేరు అడగకముందే చెబుతాయి. చిక్కంతా ఆడబాతులతోనే. గోధుమరంగు ఒంటి మీద గోధుమరంగు మచ్చలతో, ముక్కు వీపు ఈకల్లో దూర్చి పడుకున్న ఒకదాని ముందు నలభై నిమిషాలు నిలబడ్డాను. అది సగం నిద్రే. మెదడులో ఒక సగాన్ని నిద్రపుచ్చి, ఒక కన్ను తెరిచి కాపలా కాయడం బాతులకు చేతనవును. గుంపు అంచున ఉన్నవి ఆ పని ఎక్కువగా చేస్తాయని 1999లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. రెక్క మీది రంగు పట్టీ కోసం, ముక్కు ఆకారం కోసం నేను దాన్ని చూస్తున్నాను. అది ఒంటికంటితో నన్ను చూస్తున్నది. ఇద్దరిలో ఎదుటిది ఏ జీవియో తేల్చుకోగలిగినది అదొక్కటే.

తమ వంశచరిత్ర కూడా చదివాను. అమెరికాలో క్రిస్మస్ పూట జట్లుగా చీలి, ఎవరు ఎక్కువ పక్షులను, జంతువులను కాల్చి కుప్పపోస్తే వారిదే గెలుపు అనే వేట పోటీ ఒకటి ఉండేదట. 1900లో పక్షిశాస్త్రవేత్త ఫ్రాంక్ చాప్‌మన్ కాల్చడం మాని లెక్కపెట్టమన్నారు. తొలి ఏడు 27 మంది లెక్కపెట్టారు. తుపాకి పోయి పెన్సిలు వచ్చినందుకు తమకు శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఏటేటా లెక్కలు పేర్చి చూస్తేనే ఏ పక్షి తగ్గిపోతున్నదో తెలుస్తుందనీ ఒప్పుకుంటాను. కాని తుపాకి పోయినా పోటీ పోలేదు. గట్టున ఎదురైన మరో బైనాక్యులర్ ఆసామి నన్ను "ఎన్ని?" అని అడిగాడే గాని "ఏవి?" అనలేదు. ముప్పై ఒకటన్నాను. తనవి ముప్పై నాలుగని, చలికి వణుకుతూనే వెలిగిపోయాడు. నా లెక్కలో ఆ లకుముకి పిట్ట ఉన్నది కనుక, అతని అదనపు మూడింటి సంగతి నేనూ కూపీ తీయలేదు.

కావున, "గుర్తుపట్టలేదు, కాని చాలాసేపు చూశాను" అనే గడి ఒకటి మంజూరు చేయవలసిందిగా ప్రార్థన. ప్రస్తుతానికి ఆ ఆడబాతు పేరు ఉండవలసిన చోట ప్రశ్నార్థకం పెట్టాను. ఎండ వచ్చాక అది లేచి, రెక్క పూర్తిగా చాపి ఒళ్లు విరుచుకున్నదట. రంగు పట్టీ స్పష్టంగా కనబడిందని ఆ ఆసామి చెప్పాడు. నేనప్పుడు తల వంచుకుని, బుడబుంగ ఎదుట ఒకటిని రెండుగా దిద్దుతున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు