ఆన్‌లైన్ కొట్టుకూ షట్టర్ కావాలి

ఇంట్లోంచి ఆన్‌లైన్ వ్యాపారం పెడదామనుకునేవాళ్లు ముందు అడిగేది పెట్టుబడి ఎంత కావాలని. స్టాకు విజయవాడ వన్‌టౌన్‌లోని టోకు బట్టల మార్కెట్ వస్త్రలతలో తేవాలా, మంగళగిరి వెళ్లి నేతగాళ్ల దగ్గరే తేవాలా అన్నది ఆ తర్వాతి మాట. రోజుకు ఎన్ని గంటలు పెట్టగలవని వాళ్లను అడిగేవాళ్లే ఉండరు. విజయవాడ పటమటలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో ఒక గదిలో చీరలు పేర్చుకుని మొదలైన వ్యాపారం కొన్ని నెలలకే ఆగిపోతే గిరాకీ లేదనేస్తాం. చాలాసార్లు గిరాకీ ఉంటుంది, దాన్ని అందుకోవాల్సిన మనిషికే ఓపిక అయిపోతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ₹900కు తెచ్చిన చీర ₹1,200కు అమ్మారనుకోండి. కొరియర్‌కు, కవరుకు ₹100 పోతే ₹200 మిగిలింది. ఇప్పుడు ఆ చీర వెనక పడ్డ పాటు చూడండి. మడతలు విప్పి ఫొటోలు తీసి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, ధర అడిగిన పదిమందికీ విడివిడిగా చెప్పి, ముగ్గురికి బ్లౌజ్ ముక్క చూపిస్తూ వీడియో పంపి, ఇద్దరితో బేరమాడి, చివరికి ఒక్కరికి అమ్మారు. ఇదంతా రెండు గంటలు పట్టిందనుకుంటే గంటకు పడింది ₹100. చీర తిరిగొస్తే అదీ దక్కదు, రానూపోనూ కొరియర్ ఖర్చు మీదేసుకోవాలి. ఈ లెక్క మొదటి నెలలోనే కాగితం మీద పెట్టాలి. తన గంటలకు వెల కట్టుకోకుండా ధర వేస్తే సరుకు చవగ్గా కనిపిస్తుంది, ఆర్డర్లూ పెరుగుతాయి. పెరిగేకొద్దీ అమ్మే మనిషి నలిగిపోతుంది.

బజార్లో కొట్టుకు షట్టర్ ఉంటుంది. బీసెంట్ రోడ్డులో రాత్రి అది దించేశాక ధర అడగడానికి ఎవరూ తట్టరు. గుంటూరు మిర్చి యార్డు అంతటిది కూడా ఏటా వేసవిలో వారాల తరబడి సెలవులిస్తుంది. తెరిచాక మిర్చి టిక్కీలు (బస్తాలు) మళ్లీ వస్తూనే ఉంటాయి. ఫోన్‌లో నడిచే కొట్టుకు మాత్రం వేళలు ఎవరూ పెట్టరు, మనమే పెట్టుకోవాలి. రాత్రి పదకొండింటికి వచ్చిన మెసేజ్‌కు జవాబివ్వకపోతే బేరం పోతుందన్న భయం ఉత్తదేమీ కాదు, కొన్ని పోతాయి. కానీ నిద్ర చాలని మనిషి మర్నాడు ఒకరి పార్సిల్ మీద ఇంకొకరి చిరునామా రాస్తే డబ్బుతో పాటు మాట కూడా పోతుంది. ఆ నష్టమే పెద్దదని నేను గట్టిగా నమ్ముతాను.

దీనికి కావలసిన సరంజామా చేతిలోనే ఉంది. వాట్సాప్ బిజినెస్‌లో కొట్టు వేళలు పెట్టుకోవచ్చు, వేళ దాటాక దానంతటదే జవాబు వెళ్లేలా చేయొచ్చు. ధరలన్నీ కేటలాగ్‌లో ఉంచితే పదిమందికి పదిసార్లు చెప్పే పని తప్పుతుంది. ఇక రోజంతటినీ కొరియర్ మనిషి వచ్చే వేళను బట్టి అమర్చుకోవడం మంచిది. సాయంత్రం నాలుగింటికి వస్తాడంటే ఒంటిగంట తర్వాత వచ్చిన ఆర్డర్ మర్నాటిదని ముందే చెప్పేయాలి. క్యాష్ ఆన్ డెలివరీ అయితే ప్యాకింగ్‌కు ముందు ఒక ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి. ఆ రెండు నిమిషాలకు బద్ధకిస్తే వారం తర్వాత పార్సిల్ వెనక్కి రావచ్చు.

ఇంతకంటే కష్టమైన సంగతి ఇంట్లో ఉంది. ఈ వ్యాపారాల్లోకి వచ్చే ఆడవాళ్లలో చాలామందికి పగలంతా ఖాళీయేనని ఇంట్లోవాళ్ల లెక్క. "ఇంట్లోనే ఉంటావుగా, గ్యాస్ అబ్బాయి వస్తే చూడు" అంటారు. పిల్లాడి స్కూల్ వ్యాన్, అత్తగారి మందులు, మధ్యాహ్నం చుట్టాలు, అన్నీ ఆమె పనివేళల్లోంచే పోతాయి. అదే భర్త వన్‌టౌన్‌లో కొట్టు పెడితే పన్నెండింటికి ఫోన్ చేసి పెరుగు తెమ్మని ఎవరూ అడగరు. సమయం ఎలా వాడుకోవాలో చెప్పే సలహాలన్నీ ఆమెకే చెబుతున్నాం. పదింటి నుంచి ఒంటిగంట దాకా ఆ గది తలుపు వేసి ఉంటే అమ్మ కొట్లో ఉన్నట్టేనని ఇంట్లోవాళ్లకూ చెప్పాలి. ఆ మూడు గంటలు దొరకనప్పుడు ఎంత మంచి టైమ్‌టేబుల్ రాసుకున్నా అది గోడకు అతికించుకోవడానికే పనికొస్తుంది.

ఏడాది లెక్క వేరు. శ్రావణంలో చీరలు అమ్మేవాళ్లకు ఊపిరాడదు, కాబట్టి ఫొటోలు, ధరలు, కవర్లు ఆషాఢంలోనే సిద్ధం కావాలి. దసరా తొమ్మిది రోజులూ ఇంద్రకీలాద్రి రద్దీకి వన్‌టౌన్ వైపు దారులు మళ్లిస్తారు. స్టాకు ముందే తెచ్చుకోనివాళ్లకు సగం రోజు ట్రాఫిక్‌లోనే గడిచిపోతుంది. ఆవకాయ అమ్మేవాళ్లకైతే కాయ దొరికే ఆ కొద్ది వారాల్లోనే ఏడాది సరుకంతా పట్టాలి. అప్పుడు కొత్త ప్రకటనలు, కొత్త పేజీలు పెట్టుకోకూడదు.

కాగితాల పనినీ కొందరు చివరికి వదిలేస్తారు. 2023 అక్టోబర్ 1 నుంచి, టర్నోవర్ పరిమితి లోపు ఉన్న చిన్న వ్యాపారులు జీఎస్టీ నమోదు లేకుండానే తమ రాష్ట్రంలోపల ఆన్‌లైన్ వేదికల ద్వారా సరుకు అమ్ముకోవచ్చు. అయితే మనకు సగం చుట్టాలు హైదరాబాద్‌లోనే ఉంటారు, అదేమో ఇప్పుడు వేరే రాష్ట్రం. కొన్ని చేతివృత్తుల సరుకులకు ఉన్న మినహాయింపు తప్పిస్తే, రాష్ట్రం దాటి అమ్మే సరుకుకు టర్నోవర్ ఎంతున్నా నమోదు కావాలి. నమోదయ్యాక నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకు 11, 20 తేదీల గడువులు తప్పవు. ఆ రెండు రోజుల పొద్దుటిపూటను ముందే ఖాళీ ఉంచుకోవాలి.

ఆర్డర్లు నిలకడగా వస్తున్నాయనిపించాక మొదటి జీతం ప్యాకింగ్‌కు ఇవ్వమంటాను. చాలామంది ముందు ప్రకటనలు చూసుకునేవాళ్లను పెట్టుకుంటారు, దాంతో అప్పటికే చేతులు ఖాళీ లేని మనిషి మీద ఇంకొన్ని ఆర్డర్లు వచ్చిపడతాయి. పక్క వీధిలో డిగ్రీ చదువుతున్న అమ్మాయి రోజుకు రెండు గంటలు వచ్చి పార్సిళ్లు కట్టి, చిరునామాలు సరిచూసి వెళ్తే చాలు. సరుకు ఎంచడం, ధర కట్టడం, పాత కొనుగోలుదారులతో మాట్లాడటం మాత్రం యజమాని చేతిలోనే ఉండాలి.