నిల్వ రక్తమంతా నిస్సారం కాదు
రెండు వారాలు దాటిన నిల్వ రక్తం ఎక్కించుకోవడం దండగ అన్నట్టుగా నేను చదివిన ఒక వ్యాసంలో రాసిన మాటతో నేను ఏకీభవించలేను. 2,3-డీపీజీ అనే పదార్థం ఆపాటికి దాదాపు హరించుకుపోతుందనీ, అందువల్ల ఎర్ర రక్తకణాలు తాము పట్టుకున్న ఆక్సిజన్‌ను అంత సులువుగా విడిచిపెట్టవనీ చెప్పినది నిజమే. అయితే ఆ కణాలు రోగి ఒంట్లోకి చేరాక ఒకటి నుంచి మూడు రోజుల్లో ఆ పదార్థం చాలావరకు తిరిగి తయారవుతుందన్న సంగతిని వ్యాసం వదిలేసింది. విశాఖపట్నంలో బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్‌గా పనిచేసిన రోజుల్లో, సంచి మీది తేదీ చూసి “తాజాది ఇవ్వండి బాబూ” అని బతిమాలిన బంధువులను ఎందరినో చూశాను. పోషక ద్రావణం కలిపిన ఎర్ర కణాలను 2 నుంచి 6 డిగ్రీల సెల్సియస్ వద్ద 42 రోజుల వరకు ఉంచవచ్చు. ఈలోగా కణాలకు ముళ్లు మొలిచినట్టవడం, కొన్ని బంతుల్లా గుండ్రబడి చిట్లిపోవడం, పొటాషియం బయటికి కారడం జరిగేవే. ఒకటి రెండు సంచులు ఎక్కించుకునే పెద్దవారికి ఆ పొటాషియం సాధారణంగా ఇబ్బంది కలిగించదు గానీ, పసికందులకు ఎక్కువ మోతాదులో ఎక్కించవలసినప్పుడు మేము తేదీ తప్పక చూసేవాళ్లం. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు వల్ల మాటిమాటికీ రక్తం ఎక్కించుకోవలసిన పిల్లలకు కూడా తాజా రక్తమే మేలు, ఎందుకంటే ఎక్కించిన కణాలు ఎక్కువ రోజులు బతికితేనే మళ్లీ ఎక్కించవలసిన రోజు కాస్త దూరం జరుగుతుంది. పెద్దవారి విషయానికొస్తే, 2017లో ఫలితాలు వెలువడిన ట్రాన్స్‌ఫ్యూజ్ అనే వైద్య అధ్యయనంలో, తీవ్ర అస్వస్థతతో ఉన్నవారికి తాజా రక్తం ఇచ్చినా పాతది ఇచ్చినా 90 రోజుల్లోపు మరణాలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.