2051 దొరికింది గానీ మూత దొరకలేదు

మా వీధిలో మాన్‌హోల్ ఒకటి పదకొండు రోజులపాటు తప్పిపోయింది. 'కనబడుటలేదు' అని పేపర్లో వేయిద్దామంటే దాని ఫోటో ఎవరి దగ్గరా లేదు. గుండ్రంగా ఉండేదని కొందరు, కాదు నలుపలకలని కొందరు. ఆఖరిసారి చూసినవాళ్ళు తలా ఒక చోటు చూపించారు. మొదట తారు రోడ్డు, దాని మీద ఇంకో తారు రోడ్డు, ఆపైన సిమెంటు రోడ్డు. వచ్చిన ప్రతి రోడ్డూ కిందున్న పెద్దలకి శాలువా కప్పి పోయింది. అన్ని శాలువాల అడుగున మా మూత సన్మానం అందుకుంటూ ఉండిపోయింది.

మురుగు మాత్రం సభామర్యాద పాటించలేదు. ఓ బుధవారం తెల్లవారుజామున రోడ్డెక్కి, ముగ్గులు తుడిచేసి, మా గుమ్మం ముందు కాపురం పెట్టింది.

సరిగ్గా ఆ బుధవారమే బీచ్ రోడ్డులో ఓ హోటల్లో సదస్సు. 2051 నాటికి విశాఖపట్నం ఎంత నీరు తాగుతుంది, ఎంత మురుగు వదులుతుంది అన్నది విషయం. కాళ్ళు కడుక్కుని వెళ్ళాను. కడుక్కున్నది క్యాను నీళ్ళతో. ఆవేళ కుళాయి రాలేదు.

తెర మీద ఒక గీత. మొదట్లో బుద్ధిగా నేల మీద నడిచింది. 2035 దగ్గరికొచ్చేసరికి రోప్‌వే ఎక్కినట్టు కైలాసగిరి వైపు లేచిపోయింది. 2051లో మన జనాభా ఎంతో ఆఖరి అంకెతో సహా చెప్పారు. ఆ అంకె ఒకట్ల స్థానంలో ఉన్న ఆ మనిషెవరో, పాపం, ఇంకా పుట్టనైనా పుట్టలేదు. నేను లేచి, "అయ్యా, మరి ఇప్పుడెంతమందిమి?" అని అడిగాను. కాసేపు ఏసీ చప్పుడు వినిపించింది. "2011 జనాభా లెక్కల ప్రకారం 17 లక్షల పైచిలుకు" అన్నారు. 2021లో జరగాల్సిన లెక్క జరగలేదు కదా, ఆయన తప్పేం లేదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దలు ఏదో సరదాకి అన్నారు. వాళ్ళ సోమలింగానికి వట్టి పేరే. మన సోమలింగానికి రోజుకి ఎన్ని లీటర్లు కావాలో కూడా తేలిపోయింది.

ప్రణాళిక అంటే నాకు వెటకారమని అనుకోకండి. నీళ్ళ పనులకీ మురుగు పనులకీ కేంద్రం వారి మాన్యువల్ ఒకటుంది, సీపీహెచ్ఈఈఓ అనే వారి సంస్థది. ఆ పేరు పలకడానికే గ్లాసుడు నీళ్ళు కావాలి గానీ లోపలున్నది మంచి మాటే. గొట్టం వేస్తే 30 ఏళ్ళకి ఆనేలా వెయ్యమంటుంది. మహానగరంలో మనిషికి రోజుకి 150 లీటర్లు ఇమ్మంటుంది. ఇచ్చినదాంట్లో 80 శాతం దాకా మురుగై తిరిగొస్తుందని లెక్క కట్టుకోమంటుంది. ఆ లెక్కన 2011 నాటి తలకాయలకే రోజుకి 20 కోట్ల లీటర్ల పైచిలుకు మురుగు.

అదే పుస్తకంలో ఇంకో మాట ఉంది. దాన్ని ఎవరూ తెర మీద వెయ్యరు. గొట్టంలో మురుగు సెకనుకి కనీసం 0.6 మీటర్ల వేగంతో పరిగెత్తాలి. లేకపోతే ఇసకా మట్టీ అడుగున చేరిపోతాయి. 2051 జనానికి సరిపోయేంత లావు గొట్టం వేసి, ఇవాళ వీధికి నాలుగిళ్ళు కలిపితే అందులో మురుగు పరిగెత్తదు. రిటైరైన పెద్దమనిషిలా వాకింగుకి బయల్దేరుతుంది, మధ్యలో ఓ చోట కూలబడుతుంది, ఆఖరికి అక్కడే ఉండిపోతుంది. భవిష్యత్తు వచ్చేలోపు దానికి వేసిన గొట్టం పూడిపోతుంది.

నీళ్ళ సంగతికొస్తే, మన ఊరు బిందె పట్టుకుని బయల్దేరిన ఇల్లాలు. మొదట ఇంటి పక్కనే ముడసర్లోవకి వెళ్ళొచ్చేది. అది చాలక గోస్తనికి వెళ్ళింది, మేఘాద్రిగెడ్డకి వెళ్ళింది. తర్వాత విజయనగరం జిల్లాలోని తాటిపూడికి, ఇటు రైవాడకి. రైవాడ ఆయకట్టు రైతులు మా పొలాల నీళ్ళు మాకే వదలమని ఎన్నేళ్ళుగానో మొత్తుకుంటున్నారు. ఇల్లాలు తలొంచుకుని బిందె నింపుకుని వస్తోంది. అదీ చాలక 150 కిలోమీటర్ల పైచిలుకు కాలవ వెంబడి ఏలేరు జలాశయం దాకా పోయింది. వేసవిలో ఏలేరుకే దాహమేస్తే గోదావరి నుంచి ఎత్తిపోస్తారు. ఇక పోలవరం ఎడమ కాలవలో మనకి రాసిపెట్టిన 23.44 టీఎంసీలు ఉన్నాయి. రాసిపెట్టినవి కాబట్టి ప్రస్తుతానికి కాగితం మీద భద్రంగా ఉన్నాయి. ఇంత దూరం నుంచి మోసుకొచ్చిన బిందె గుమ్మంలోకి రాగానే ఎక్కడెక్కడ కారుతోందో చూసుకునే తీరికే ఆ ఇల్లాలికి లేదు.

ఇప్పుడు కొత్త చుట్టం కూడా వస్తున్నాడు. 2025 అక్టోబరులో గూగుల్ వారు విశాఖలో 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ప్రకటించారు. మంచిదే, మా వీధి కుర్రాడికి ఒక్కడికి ఉద్యోగమొచ్చినా నేనే స్వీట్లు పంచుతాను. కానీ కంప్యూటర్లకీ దాహం ఉంటుందట. వేడెక్కితే చల్లార్చాలి, చల్లార్చడానికి చాలాచోట్ల నీళ్ళే వాడతారట. దాన్ని క్లౌడ్ అంటారు, అంటే మేఘం, అని మా అబ్బాయి విడమర్చి చెప్పాడు. ఇన్నాళ్ళూ మేఘం నీళ్ళిస్తుందనే విన్నాను. తాగే మేఘం ఒకటి వస్తుందని మేఘాద్రిగెడ్డకి ఆ పేరు పెట్టినవాళ్ళు కూడా అనుకుని ఉండరు.

సరే, మా వీధికి రండి.

మూడోనాటికి అన్వేషణ బృందం దిగింది. ఒకాయన చేతిలో ట్యాబు, దాన్లో మ్యాపు. మ్యాపు ప్రకారం గొట్టం మా ఎదురింటివారి దేవుడి గది కిందనుంచి వెళ్తోంది. ఆ ఇంటి మామ్మగారు అది విని మడి కట్టిన చీరతో అరుగు మీద కూలబడి, సాయంత్రం దాకా లోపలికి వెళ్ళలేదు. "అది అప్రాక్సిమేట్ అండీ" అని ట్యాబాయన ఎంత చెప్పినా ఆవిడకి ఎక్కలేదు. అప్రాక్సిమేట్ మైల ఎన్నాళ్ళు పట్టాలో పంచాంగంలో ఎక్కడా లేదు మరి.

నాలుగోనాడు యంత్రంతో తవ్వారు. తాగునీటి గొట్టం దొరికింది. దొరికిన వెంటనే రెండంతస్తుల ఎత్తు ఎగిరింది. మా వీధిలో అంత ప్రెషరుతో నీళ్ళు రాగా చూడటం నాకు అదే మొదలు. పిల్లలు స్నానాలు చేశారు, ఆడవాళ్ళు బిందెలు పట్టారు, పక్క వీధివాళ్ళు కూడా వచ్చి పట్టుకున్నారు. ఆ పూట పోసిన నీళ్ళని ఏ లెక్కలో రాశారో. అయిదోనాడు ఇంకోచోట తవ్వితే ఇంటర్నెట్ కేబులు తెగింది. మురుగు రోడ్డెక్కిన అయిదు రోజుల్లో ఫిర్యాదు చేసినవాళ్ళం ముగ్గురం. నెట్టు పోయిన అరగంటలో వీధి వీధంతా రోడ్డు మీదే ఉంది, అదీ మురుగులో నిలబడి. ఆరోనాడు వర్షపునీటి కాలవ బయటపడింది. దాన్లో వర్షం తప్ప అన్నీ ఉన్నాయి. మా వీధి ఇళ్ళ మరుగుదొడ్లు చాలామటుకు దాన్లోనే కలిసి ఉన్నాయని అందరం ఆశ్చర్యపోయాం. ఎవరింటి గొట్టం వాళ్ళే కలుపుకున్నాం గనక ఆశ్చర్యపోవడం మర్యాద.

ఆ కాలవ పోయి గెడ్డలో కలుస్తుంది. గెడ్డ అంటే ఉత్తరాంధ్రలో వాగు. బయటివాళ్ళ కోసం చెబుతున్నాను, ఊళ్ళోవాళ్ళకి ఆ మాటకి అర్థం మారిపోయి చాలాకాలమైంది. గెడ్డ పోయి సముద్రంలో కలుస్తుంది. రుషికొండ బీచ్‌కి 2020లో, శుభ్రమైన బీచ్‌లకిచ్చే నీలిజెండా వచ్చింది, పండగ చేసుకున్నాం. ఆర్కే బీచ్‌లో కాలవ నీళ్ళు ఇసకని కోసుకుంటూ అలల్లోకి దిగే చోట నిలబడి చూడండి, ఆ నల్లజెండాకి ఏ సంస్థ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

ఏడోనాడు ఎవరికో వాల్వు తాత గుర్తొచ్చాడు.

తాత ఒకప్పుడు మా పేటలో నీళ్ళు వదిలే మనిషి. రిటైరై పదిహేనేళ్ళు దాటింది. ఈ పేట అడుగున ఏ గొట్టం ఎటు పోతుందో తాత బుర్రలో ఉంది, ఇంకెక్కడా లేదు. ఆయనకి జలుబు చేస్తే నగరపు రికార్డులకి జలుబు చేసినట్టు. ఆటోలో తీసుకొచ్చి, కుర్చీ వేసి, టీ ఇచ్చారు. తాత కళ్ళు మూసుకున్నాడు. ట్యాబాయన వినయంగా వంగి నిలబడ్డాడు. డీపీఆర్‌లు, అంటే ప్రాజెక్టు నివేదికలు, తయారుచేసే పెద్దలందరూ చూడవలసిన దృశ్యం.

"ఇక్కడ సింతసెట్టుండాల కదా?"

"చెట్టు కొట్టేశారు తాతా, రోడ్డు వెడల్పులో."

"కిళ్ళీబడ్డీ?"

"అదీ తీసేశారు."

"మరి నానేటి సెప్పీది బాబూ? సెట్టు కాడ్నించి బడ్డీకేసి అయిదంగలేసి, ఎడం పక్కకి తిరిగితే మూత. సెట్టూ తీసేసి, బడ్డీ తీసేసి మూతేదంటే ఏటి సెప్తాం?"

లేని చెట్టు నుంచి లేని బడ్డీకి అయిదు అంగలు కొలవడానికి నాలుగు రోజులు పట్టింది. చెట్టెక్కడుండేదో అన్న దాని మీద వీధి రెండు పార్టీలైంది. నేను ఉత్తరం పార్టీ. ఒకాయన తన పెళ్ళి వీడియో తెచ్చి, ఊరేగింపులో చెట్టు కనబడే చోట ఆపి చూపించాడు. ఆ వీడియో మీద కొలతలు వేసి, పదకొండో రోజు మధ్యాహ్నం గునపం దింపితే, ఠంగ్ మంది. చప్పట్లు కొట్టాం. తాత కళ్ళు తుడుచుకున్నాడు.

మూత లేపారు. లోపల గొంతుదాకా నల్లటి పూడిక. చెప్పాను కదా, పరిగెత్తని గొట్టం. యంత్రం ఏదని అడిగితే, "రేపొస్తాదండీ" అన్నాడు మేస్త్రీ. ఈలోగా ఓ కుర్రాడు చొక్కా విప్పుతున్నాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. నడుముకి తాడు కట్టారు. మాస్కు లేదు, గ్లౌజులు లేవు. మేస్త్రీ ఓ సీసా అందించాడు, వాసన తెలియకుండా.

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. క్షమించండి.

రక్షణ సరంజామా లేకుండా మనిషిని మురుగు గోతిలోకి దింపకూడదని 2013లో చట్టం చేశాం. అయినా దింపుతున్నాం, చస్తున్నారు, మళ్ళీ దింపుతున్నాం. అలా చచ్చిపోయిన మనిషి కుటుంబానికి 30 లక్షలు ఇమ్మని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ప్రాణానికి రేటు ఖరారైంది, మూతకి అడ్రసు లేదు. ఆ గోతిలో ఏ గ్యాసుందో చూసే మీటరు లేదు గానీ 2051లో ఎంత మురుగొస్తుందో చెప్పే గీతలున్నాయి. సిగ్గుండాలి. ఆ గీతలు గీసినవాళ్ళకి ఉండాలి, రేపొస్తాదన్న మేస్త్రీకి ఉండాలి, అంతకుముందు క్షణం దాకా చప్పట్లు కొట్టిన నాకూ ఉండాలి. మీ జనాభా లెక్కలో, మీ లీటర్ల పట్టికలో ఈ కుర్రాడు ఏ గడిలో ఉన్నాడో ఒక్కరు చూపించండి.

గోతి దగ్గరికెళ్ళి తాడు పట్టుకున్నాను. "దిగడానికి వీల్లేదు" అన్నాను. మీకెందుకండీ, ఎప్పుడూ దిగేవాళ్ళే కదా, అన్నారు మావాళ్ళు. నేను తాడు వదల్లేదు. మామ్మగారు అరుగు దిగొచ్చి తాడు రెండో కొస పట్టుకుంది, అప్రాక్సిమేట్ మైల మాట మర్చిపోయి. ఇంక ఎవరూ ఏమీ అనలేదు. యంత్రం మర్నాడు కాదు గానీ మూడోనాడు వచ్చింది. వస్తుంది, ఆగితే.

కుర్రాడు చొక్కా తొడుక్కుంటుంటే ఎక్కడుంటావని అడిగాను.

"ఆరిలోవండి, కొండ మీద."

"నీళ్ళొస్తాయా?"

"కొండెక్కవండి. మాయమ్మ కిందనించి మోస్తాది. మెట్లు గదా, రెండు బిందెల్కంటే అవదండి ఆవిడికి."

ఏలేరు నుంచి అన్ని కిలోమీటర్లు నడిచొచ్చిన నీరు ఆఖరి నూరు మెట్ల దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి ఓ నడివయసు ఆడమనిషి మోకాళ్ళు పంపింగ్ స్టేషను. ఆమె తెచ్చే రెండు బిందెలు ఇంటిల్లిపాదికీ. మనిషికి 150 లీటర్లని రాసిన పుస్తకం నా బల్ల మీదే ఉంది. ఆవేళ మళ్ళీ తెరవలేదు.

ఇక పూడిక తీశాక గుంటలు కప్పుతారు, కప్పేవాళ్ళు మూతని కూడా కప్పుతారు. అది నాకు తెలుసు. అందుకని ఓ రాత్రి ఎర్ర రంగు డబ్బా కొని, మా ప్రహరీగోడ మీద బాణం గుర్తు వేసి, 'మాన్‌హోల్ ఇక్కడికి తొమ్మిది అడుగులు, పడమరకి' అని రాశాను. తాత చేత తనిఖీ చేయించాను కూడా. తాత గోడని ఓసారి తడిమి, "గోడుంటాది కదా బాబూ?" అన్నాడు.

గోడ ఉంది. అనుకున్నట్టే సిమెంటు వేశారు, మూత లోపలికి పోయింది. ఆ తర్వాత ఊళ్ళో ఏదో పెద్ద సమావేశమని చెప్పి, దారి పొడుగునా గోడలకి సున్నం కొట్టి బొమ్మలు వేసుకుంటూ పోయారు. నా బాణం మీద నీలం రంగు సముద్రం వచ్చింది, సముద్రంలోంచి ఓ డాల్ఫిన్ ఎగురుతోంది. చక్కగా వేశారు, నవ్వుతోంది కూడా. నేను టేపు పెట్టి కొలిచి చూశాను. మా వీధికి వచ్చే తరం వాళ్ళెవరైనా ఇది చదివితే ఎక్కడైనా రాసి పెట్టుకోండి: డాల్ఫిన్ ముక్కు దగ్గర్నించి తొమ్మిది అడుగులు, పడమరకి.