చెప్పాపెట్టకుండా మైకు ఇస్తే ఎలా?

వేరే క్రైస్తవ సంఘం ఆరాధనకు అతిథిగా వెళ్తే, పాటలు అవ్వగానే "బ్రదర్, కాస్త వాక్యం చెప్పండి" అని మైకు చేతిలో పెట్టేస్తారేంటండీ! కాదంటే పొగరంటారు, సరేనంటే టెన్షన్. క్రైస్తవుల్లో ఒక్కో శాఖది ఒక్కో పద్ధతి కదా: బాప్టిస్టులు విశ్వాసం ఒప్పుకున్నవాళ్లకే, అదీ నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. లూథరన్లు పసిపిల్లలకూ ఇస్తారు. పైగా లూథరన్ సంఘాల్లో చాలాచోట్ల ఆ వారం చదవాల్సిన బైబిల్ పాఠాలు ముందే ఖరారై ఉంటాయి. ఏ మాట ఎవరి మనసు నొప్పిస్తుందో తెలియక బైబిల్ పేజీలు తిప్పుతుంటే వేళ్లు వణుకుతాయి. ముందు వరసలో ఒక పెద్దావిడ నోట్‌బుక్ తెరిచి, పెన్ను పట్టుకుని నా వైపే చూస్తుంటుంది. ఆవిడ వచ్చింది దేవుని మాట కోసం. అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పి పంపడం న్యాయమా? ప్రసంగానికి ప్రార్థన కావాలి, చదువుకునే టైం కావాలి. ముందు రోజు ఒక్క ఫోన్ చేస్తే ఏం పోతుంది?