దూరపు దీవులు నునుపు

దగ్గరగా ఉన్నవాడికి ఏదీ సరిగ్గా కనపడదు. రోడ్డు పక్కన నిలబడ్డవాడికి గుంతలే కనిపిస్తాయి. ఢిల్లీలో కూర్చుని మ్యాపు చూసేవాడికి రోడ్డు కనిపిస్తుంది. దూరపు కొండలు నునుపు అని పెద్దలన్నది ఎగతాళికని ఇన్నాళ్లూ పొరబడ్డాను. అది అచ్చమైన పరిపాలనా సూత్రమని మొన్న ఏప్రిల్లో అండమాన్ వెళ్లొచ్చాక గానీ తెలిసిరాలేదు.

వెళ్లడానికి కారణం మా బావగారు. ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. సొంతూరికి వెళ్లిరావడానికి సర్కారిచ్చే ప్రయాణ రాయితీని, అదే ఎల్టీసీని, అండమాన్‌కి మార్చుకుని విమానంలో వెళ్లిరావచ్చని ఆ ఉద్యోగులకు ప్రభుత్వం ఒక వెసులుబాటు ఇచ్చింది. మా బావగారి సొంతూరు పిఠాపురం. కాబట్టి ఆయన పిఠాపురానికి బదులుగా అండమాన్ వెళ్లారు. నేను నా సొంత డబ్బుతో ఆయన సూట్‌కేసులు మోయడానికి వెళ్లాను.

ఒకప్పుడు ఈ ఏర్పాటు వేరుగా ఉండేది. మన్యంలో సీతారామరాజు వెంట నడిచినవాళ్లలో కొందరిని తెల్లవాళ్లు సర్కారు ఖర్చుతోనే అక్కడికి పంపారు, రిటర్ను టికెట్టు మాత్రం ఇవ్వలేదు. 1906కి పూర్తయిన సెల్యులార్ జైల్లో 690కి పైగా ఒంటరి గదులు, ఏడు వరసలు. ఇప్పుడు మిగిలినవి మూడు వరసలే. మా బావగారు ఒక గదిలోకి వెళ్లి కటకటాలు పట్టుకుని ఫొటో తీయించుకున్నారు. గది చుట్టూ చూసి, ‘మన లాడ్జి కంటే గాలి బాగా వస్తోందిరా’ అన్నారు. ఆయన అన్నది నిజమే. లాడ్జి పేరు చెప్పను, మేం దిగిన గదికి కిటికీ ఉంది గానీ దాని అవతల గోడ ఉంది.

ముందు కొలతలు చెప్పుకుందాం, వ్యాసానికి కాస్త బరువు వస్తుంది. అండమాన్ నికోబార్ దీవులు 1956 నుంచి కేంద్రపాలిత ప్రాంతం. దీవులు, తిప్పలు, రాళ్లు అన్నీ కలిపి 836 అని లెక్క. మనుషులుండేవి నలభై కూడా లేవు. పైనుంచి కిందికి కొలిస్తే ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఎంతో దాదాపు అంత. ఇంతా చేసి 2011లో జనం 3.8 లక్షలు, అప్పటి రాజమండ్రి కంటే ఓ నలభై వేలు ఎక్కువ. శాసనసభ లేదు. ముఖ్యమంత్రి లేడు. ఒక లెఫ్టినెంట్ గవర్నరు, ఒక ఎంపీ. ఎమ్మెల్యే లేడంటే ఎమ్మెల్యే బామ్మర్ది కూడా ఉండడు కదా, మరి అక్కడ కాంట్రాక్టులు ఎవరు చేస్తారని మా బావగారు విమానంలోనే ఆందోళన పడ్డారు.

ఈ దూర పరిపాలన మొదట గడియారంతోనే మొదలవుతుంది. మన దేశానికంతా టైము చెప్పే 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడ పక్కనుంచి పోతుందని చిన్నప్పుడు చదివాం. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది, అంటే సూర్యుడి లెక్కన నలభై నిమిషాలు ముందు. అయితే సూర్యుడికి జీతం ఇచ్చేది కేంద్రం కాదు కాబట్టి ఆయన తన లెక్క ప్రకారం వచ్చేస్తాడు. ఏప్రిల్లో ఉదయం ఐదుంపావుకల్లా ఎండ మంచం మీదకొచ్చింది. సాయంత్రం ఆరు కాకముందే చీకటి. బీచ్‌లో సూర్యాస్తమయం చూద్దామని ఆరుంబావుకు తీరిగ్గా బయల్దేరిన మా బావగారికి సముద్రం చప్పుడు మాత్రం వినిపించింది.

రెండోది పేర్లు. ఒక ఊరికి నీళ్లు ఇవ్వాలంటే పైపులు కావాలి, పేరు మార్చాలంటే కాగితం చాలు. 2018 డిసెంబరు 30న రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అయింది, హావ్‌లాక్ స్వరాజ్ ద్వీపం అయింది, నీల్ షహీద్ ద్వీపం అయింది. 2023లో ఇంకో 21 దీవులకు పరమవీరచక్ర పొందిన వీరుల పేర్లు పెట్టారు. 2024 సెప్టెంబరులో రాజధాని పోర్ట్‌బ్లెయిర్ శ్రీవిజయపురం అయింది. వీరుల పేర్లు పెట్టడంలో నాకు ఆక్షేపణ లేదు, తెల్లదొర పేరు పోయినందుకు బాధా లేదు. ఆటో అతన్ని ‘శ్రీవిజయపురం బజారుకి పోనీ’ అంటే మాత్రం అతను మమ్మల్ని కిందనుంచి పైదాకా చూసి, ఇదే మొదటిసారి వచ్చారా అని ఛార్జీ యాభై పెంచాడు. దేశానికి దక్షిణాన చిట్టచివరి కొసకు కూడా ఇలాగే ఇందిరా పాయింట్ అని పేరు పెట్టారు. 2004 సునామీ రోజున అక్కడి నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయి, లైట్‌హౌస్ మొదలు నీళ్లలోకి వెళ్లింది. నేల దిగిపోయినా పేరుకు తడి అంటలేదు.

నీళ్లంటే గుర్తొచ్చింది. చుట్టూ బంగాళాఖాతం. ఏడాదికి సుమారు మూడు మీటర్ల వాన. మన అనంతపురం ఐదారేళ్లపాటు ఎదురుచూసేంత వాన అక్కడ ఒక్క ఏడాదిలో పడుతుంది. అయితే అది పడ్డది పడ్డట్టు సముద్రంలోకి జారిపోతుంది, పట్టి ఉంచడానికి పెద్ద నదులు, చెరువులు లేవు. ఎండాకాలం వస్తే రాజధానిలో కుళాయి రోజు విడిచి రోజు కాదు, కొన్ని పేటల్లో మూడు నాలుగు రోజులకోసారి. మా లాడ్జి బాత్రూంలో నీలం డ్రమ్ము ఒకటి, దాని మీద తేలుతూ ఎర్ర మగ్గు. గోడ మీద కాగితం అంటించారు: మనిషికి రెండు బకెట్లు. మా బావగారు మూడో బకెట్టు ముంచుతుండగా లాడ్జి కుర్రాడు బయటినుంచి తలుపు కొట్టాడు. ఎలా లెక్కపెట్టాడో ఇప్పటికీ తెలీదు. ఆ కుర్రాణ్ని జనాభా లెక్కల శాఖలో వేసుకోవాలి.

ఎందుకంటే అక్కడ జనాభా లెక్కలు కూడా దూరంనుంచే. నార్త్ సెంటినల్ దీవి మనుషులు దగ్గరికి ఎవరొచ్చినా బాణం వేస్తారు, సునామీ తర్వాత ఎలా ఉన్నారో చూద్దామని వెళ్లిన హెలికాప్టర్ మీద కూడా వేశారు. అందుకని లెక్కలవాళ్లు దూరంగా పడవలో ఉండి, ఒడ్డున కనిపించినవాళ్లను లెక్కపెట్టారు. 2001లో 39 మంది. 2011లో 15 మంది. మిగతా 24 మంది ఆ పూట ఇంట్లో పడుకున్నారేమో ఎవరికి తెలుసు. మన కాలనీలో కూడా లెక్కలవాళ్లొచ్చినప్పుడు తలుపు తీసేవాళ్లనే రాసుకుంటారు కాబట్టి దీన్ని తప్పుపట్టలేం. ఇంతకీ వాళ్లను వాళ్ల మానాన వదిలేయడం మాత్రం సరైన పనే. ఈ మొత్తం వ్యాసంలో దూరం వల్ల మేలు జరిగింది వాళ్లకొక్కళ్లకే. 2025లో ఒక అమెరికా కుర్రాడు రబ్బరు పడవేసుకుని వెళ్లి, ఈలలూది పిలిచి, ఎవరూ రాకపోతే ఒడ్డున ఒక కొబ్బరికాయ, ఒక డైట్ కోక్ డబ్బా పెట్టి వచ్చాడు. అరెస్టు చేశారనుకోండి. వేల ఏళ్లుగా వేటాడి బతికేవాళ్లకు షుగర్ వస్తుందేమోనని డైట్ కోక్ ఎంచుకున్నాడే, ఆ శ్రద్ధకు మెచ్చుకోవాలి.

జారవాల దగ్గరికైతే అంత కష్టపడక్కర్లేదు, రోడ్డుంది. ఆ తెగ అడవిలోంచి పోయే అండమాన్ ట్రంక్ రోడ్డును మూసేయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. మేం వెళ్లింది ఆ మూసేసిన రోడ్డు మీదనే. తెల్లవారుజామున మూడున్నరకు లేపి, నాలుగున్నరకల్లా జిర్కటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వరసలో నిలబెట్టారు. మా ముందు నలభై బళ్లుంటాయి. కాగితం ప్లేట్లలో ఇడ్లీ, వడ, పల్చటి సాంబారు. గేటు దగ్గర బోర్డు: బండి ఆపరాదు, ఫొటోలు తీయరాదు, తినడానికి ఏమీ ఇవ్వరాదు. ఆరింటికి పోలీసు జీపు ముందు నడవగా కాన్వాయ్ కదిలింది. బండ్లన్నీ కలిసి అడవి మధ్యలో ముఖ్యమంత్రి పర్యటనలా పోతుంటే, లోపల పర్యాటకులంతా గున్నేనుగు పిల్ల కనిపిస్తుందన్నట్టు అద్దాలకు ముక్కులు ఆనించారు. 2011 లెక్కల్లో జారవాలు 380 మంది. సీజన్లో ఆ రోడ్డు మీద ఒక్క ఉదయం పోయే మనుషులు అంతకంటే ఎక్కువే ఉంటారు. అవతలి రేవులో దిగాక మా బావగారు డ్రైవర్‌తో తగువేసుకున్నారు, ఒక్కళ్లు కూడా కనపడలేదు, డబ్బులు దండగని. ‘వాళ్లకి డ్యూటీ టైమింగ్సు లేవు సార్’ అన్నాడు డ్రైవర్.

ఇక అసలు విషయానికొస్తాను. నా సూత్రానికి పట్టాభిషేకం జరిగింది గ్రేట్ నికోబార్‌లో. అక్కడికి వెళ్లడానికి మాకు అనుమతీ లేదు, సెలవూ లేదు. దూరంనుంచి చూశాను కాబట్టి బాగా అర్థమైంది.

దక్షిణాన చిట్టచివరి పెద్ద దీవి అది. అక్కణ్నుంచి ఇండోనేషియా సుమత్రా 150 కిలోమీటర్లు, మన చెన్నై దానికి పదింతలు. పెద్ద పెద్ద కంటైనర్ ఓడలు ఆ పక్కనుంచే మలక్కా జలసంధికి పోతాయి. పోయే ఓడను మనదగ్గర ఆపుదామని గలాథియా అనే అఖాతంలో రేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, ఒక కొత్త పట్నం తలపెట్టారు. మొదట్లో వేసిన అంచనా 72,000 కోట్లు. ఎనిమిది వేలమంది ఉన్న దీవిలో ముప్ఫై ఏళ్లలో మూడున్నర లక్షలమంది ఉంటారట. ఈ మాట చదివి వినిపించగానే మా బావగారు లేచి కూర్చుని, ఏ తెలుగువాడైనా అడగాల్సిన ప్రశ్నే అడిగారు: ‘గజం ఎంత?’

దేశ భద్రతకు, వ్యాపారానికి అక్కడ ఏదో ఒకటి ఉండాలన్నదాన్ని నేను కాదనను. అయితే కట్టాలంటే 130 చదరపు కిలోమీటర్ల అడవి పోవాలి. పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారం 9.64 లక్షల చెట్లు. చెట్టు కొడితే చెట్టు నాటాలని చట్టం. దీవిలో చోటు లేదు, మిగిలిందీ అడవే. అందుకని నాటడానికి చోటు చూశారు. ఎక్కడ? హర్యానాలో! మధ్యలో సుమారు మూడు వేల కిలోమీటర్లు, అందులో సగం సముద్రం.

‘ఏం తప్పు? ఆక్సిజన్ ఎక్కడైనా ఆక్సిజనే’ అన్నారు బావగారు. నాకూ అలాగే తోచింది. నికోబార్ మెగాపోడ్ అని ఒక పక్షుంది, కోడంత ఉంటుంది. ఒడ్డున మట్టీ ఆకులూ కుప్పపోసి ఆ వేడిలో గుడ్లు పొదిగిస్తుంది. హర్యానాలో ఎండకు తక్కువేం లేదు కదా, కుప్ప లేకుండానే పొదగొచ్చు. ఇదే పద్ధతి మన ఊళ్లలోనూ పెడితే బాగుంటుంది. మా వీధిలో కాలవ మీద మూత లేదని రెండేళ్లుగా అర్జీలు పెడుతున్నాను. నిజామాబాద్‌లోనో నెల్లూరులోనో ఒక కాలవ మీద మూత వేసి నాకు ఫొటో పంపితే సరిపోతుంది. నేను పడినప్పుడు ఆ ఫొటో చూసుకుంటాను.

పగడాలకూ అన్యాయం చేయలేదు. పదహారు వేలకు పైగా పగడపు కాలనీలను జాగ్రత్తగా తీసి వేరేచోట పెడతారట. మా ఊళ్లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఏడు కొట్లను తీసి వేరేచోట పెడతామన్నారు, అందులో ఒకటి నిజంగానే పెట్టారు. తాబేళ్ల సంగతి ఇంకా ముచ్చటగా ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్దవైన లెదర్‌బ్యాక్ తాబేళ్లు ఆ గలాథియా ఒడ్డుకే వచ్చి గుడ్లు పెడతాయి. అందుకని దాన్ని అభయారణ్యం చేశారు. 2021 జనవరిలో ఆ హోదా తీసేశారు. ఆ ఏడాదే విడుదలైన జాతీయ సముద్ర తాబేళ్ల కార్యాచరణ ప్రణాళికలో, కాపాడాల్సిన ముఖ్యమైన ఒడ్డుల్లో గలాథియా పేరు చక్కగా ఉంది. ఎడమచేయి చేసేది కుడిచేతికి తెలియకూడదన్నారు కదా. ఈ జాతివే లిటిల్ అండమాన్ ఒడ్డున గుడ్లు పెట్టి, ఈదుకుంటూ ఆస్ట్రేలియా దాకా, ఆఫ్రికా మొజాంబిక్ దాకా పోతాయని ట్యాగులు కట్టి కనిపెట్టారు. పాస్‌పోర్టు లేకుండా అంత తిరిగేవి గుర్‌గావ్ రాలేవా?

సునామీలో ఊళ్లు కొట్టుకుపోయిన అక్కడి నికోబారీలను తాత్కాలికంగానంటూ తెచ్చి రేకుల షెడ్లలో పెట్టారు. భూమధ్యరేఖకు ఏడు డిగ్రీల దూరంలో, రేకుల కింద. మా పాత ఊళ్లకు మేం పోతామని ఇరవై ఏళ్లుగా అడుగుతున్నారు. వాళ్ల గిరిజన మండలి ఈ ప్రాజెక్టుకు ముందు సరేనని, ఆ పాత ఊళ్లూ ఇందులోకే పోతాయని తెలిశాక 2022లో ఆ అంగీకారాన్ని వెనక్కి తీసుకుంది. దగ్గరగా ఉన్నవాళ్లతో ఇదే చిక్కు.

తిరుగు ప్రయాణం రోజు బావగారు ముత్యాల దండలు బేరమాడుతుంటే నేను జంగ్లీఘాట్ వైపు నడిచాను. ఆ దీవుల్లో వందకు పదముగ్గురు తెలుగువాళ్లు, ఎక్కువగా మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవాళ్లు. వలలు ఆరేసిన గోడ పక్కన ఒక పెద్దాయన సూది దారంతో చిరుగు కుడుతున్నాడు. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని తలెత్తాడు.

‘ఏ ఊరు బాబూ మీది?’

చెప్పాను. ఆయనది కవిటి దగ్గరట. వచ్చి ముప్ఫై ఐదేళ్లయింది. మధ్యలో రెండుసార్లు వెళ్లాడట, చెల్లెలి పెళ్లికొకసారి, అమ్మ పోయినప్పుడొకసారి. విశాఖ ఓడకు టికెట్టు దొరకాలి, దొరికితే మూడు రోజులు ఊగాలి.

‘ఇక్కడేటుంది బాబూ, నాలుగ్రోజులైంది కొళాయి ఒచ్చి. మా ఉద్దానం సూడాల మీరు. ఎటు సూసినా కొబ్బరే. తిత్లీ తుఫానుకి పడిపోనాయని ఫోన్లో చెప్పినారు గానీ, కొబ్బరి కదా, మళ్లీ లేస్తాది. ఇంక మా ఊరి నూతినీళ్లంటారా... అమృతం బాబూ. ఆ నీళ్లు తాగినోడికి రోగం రాదు.’

ఉద్దానంలో ఎన్ని ఇళ్లలో కిడ్నీ జబ్బు ఉందో, పలాసలో దానికోసం ఆసుపత్రే కట్టారన్న సంగతి ఆయనకు ఎవరైనా చెప్పారో లేదో. ఆయన సూది ఆపి సముద్రం వైపు చూస్తున్నాడు, ఆ చివర కవిటి కనిపిస్తున్నట్టు.

‘ఈసారి వెళ్తే ఒక సీసాడు తెచ్చుకోవాల’ అన్నాడు.

అలాగే తెచ్చుకోండి అని, ఆయనిచ్చిన టీ తాగి లేచాను.